నలభై ఆరేళ్ళకే పని మానేసిన మా మామ

మా మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను బడిలో పిల్లల చేత ఏడో ఎక్కం చెప్పిస్తున్నాను. అత్త గొంతులో ఏడుపు లేదు. "పాపా, మీ మామ పోయినాడు. ఆత్మకూరు ఆస్పత్రిలో ఉండాం. మీ అమ్మకు నువ్వే చెప్పు, నా వల్ల కాదు" అని పెట్టేసింది. పొద్దున్నే గుండెలో పట్టేసినట్టుందన్నాడట. కారెక్కించుకుని ఉదయగిరి నుంచి బయల్దేరితే, సగం దారి దాకా డ్రైవరుకు గుంతలు చూపిస్తూనే ఉన్నాడట. ఆ తర్వాత మాట లేదు. యాభై ఆరేళ్ళు ఆయనకు.

ఆ సాయంత్రం ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నవాళ్ళలో దూరపు చుట్టం ఒకాయన అన్నాడు: "అదృష్టవంతుడబ్బా. నలభై ఆరుకే పని మానేసి, కాలు మీద కాలేసుకొని పదేండ్లు దొరలా బతికినాడు. ఇంతకన్నా ఏం కావాల మనిషికి?"

ఎవరూ కాదనలేదు. చావింట్లో ఎవరు వాదిస్తారు? మా అమ్మ మాత్రం తల తిప్పుకుంది. పోయింది ఆమె తమ్ముడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మామ నలభై ఆరేళ్ళకే పని మానేశాడు. డబ్బుకు లోటు లేకుండా పోయాడు. కాని ఆ పదేళ్ళు ఎలా గడిచాయో దగ్గర్నుంచి చూసిన వాళ్ళం నలుగురైదుగురం ఉన్నాం. మాలో రాయడం అలవాటున్నది నాకే కాబట్టి ఇది రాస్తున్నాను.

మామ పదిహేడో ఏట ఇల్లు వదిలాడు. ఆ ఏడు మా వైపు వానలు లేవు. ఉదయగిరి చుట్టుపక్కల బోర్లు వేయడానికి తమిళనాడు నుంచి ఒక బోరు బండి వచ్చింది. దాని మీద ఇనప రాడ్లు మోసే పనికి చేరి, ఆ బండి తిరిగి వెళ్ళేటప్పుడు దానితోనే పోయాడు. రాడ్లు మోసే మనిషి డ్రిల్లరయ్యాడు. డ్రిల్లరు వాటాదారయ్యాడు. నాకు ఊహ తెలిసేసరికి రెండు బోరు బండ్లకు ఓనరు. కర్ణాటక, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ తిరుగుతుండేవాడు. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఇంటికొచ్చేవాడు. వచ్చినా చెవికి ఫోన్ ఉండేది. మిషను మోత పక్కనే బతికినవాడు కాబట్టి ఎడమ చెవి సరిగా వినపడదు. అందుకే ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. అన్నం నిలబడే తినేవాడు. ఎక్కడికి వెళ్ళినా చిటికెడు మట్టి తీసి బొటనవేలితో రుద్ది చూసేవాడు. బోరులోంచి పైకొచ్చే రాతి పొడిని అలా రుద్దే కింద ఏముందో చెప్పేవాడట. మా పెళ్ళిలో తలంబ్రాల బియ్యాన్ని కూడా అలాగే రుద్ది చూశాడని మా ఆయన ఇప్పటికీ నవ్వుతుంటాడు.

ఎందుకు మానేశాడని అడిగితే ఒక్కసారే చెప్పాడు. "ఎండిపోయిన బోరు పక్కన నిలబడి రైతు దగ్గర డబ్బులు తీసుకునే మొగం ఇంక పెట్టుకోలేను పాపా. ఇరవై ఏండ్లు పెట్టుకున్నా. చాలు."

రెండు బండ్లూ ఒకే నెలలో అమ్మేశాడు. ఆత్మకూరు మెయిన్ రోడ్డులో షాపులున్న మేడ కొన్నాడు. దాని అద్దెలతోనే ఇల్లు దర్జాగా గడిచిపోతుంది. ఉదయగిరిలో, కొండ బాగా కనిపించే చోట కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి ఊరందరికీ మాంసం భోజనాలు పెట్టి, చేతిలో ఫోన్ పైకెత్తి చూపిస్తూ అన్నాడు: "పదిహేనేండ్లు దీనికి బానిసగా బతికినా. రేపట్నుంచి ఇది మోగితే నేను ఎత్తను. ఎవురికి కోపమొచ్చినా సరే. నాకింక బోరేయించే పార్టీ లేదు, లేబరు లేదు, అడిగేవాడు లేడు." అందరూ చప్పట్లు కొట్టారు. అత్త కళ్ళు తుడుచుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళకు మొగుడు ఇంటికొచ్చాడని ఆమె సంతోషం.

ఆరు నెలలు బాగానే గడిచాయి. తిరుపతి, అరుణాచలం తిరిగొచ్చారు. బుల్లెట్ బండి కొన్నాడు. పెరట్లో మామిడి అంట్లు నాటాడు. ఆ మొక్కలు కూడా త్వరగా పెరగడం లేదని విసుక్కున్నాడు. ఆ తర్వాత ఇంట్లో గాలి బిగుసుకోవడం మొదలైంది.

రెండు బండ్ల మీద ముప్పై మందిని నడిపిన మనిషికి ఇప్పుడు చేతికింద ఉన్నది అత్త ఒక్కతే. స్టవ్ మంట ఎక్కువ పెట్టావంటాడు. పనిమనిషి ఆలస్యంగా వచ్చిందంటాడు. డబ్బాల వరస మార్చి, మార్చిన వరస ఆమె గుర్తుపెట్టుకోలేదని అరుస్తాడు. "ఆయన చెప్పుల శబ్దం వంటింటి పక్కకు వస్తా ఉంటే నేను పెరట్లోకి పోతా పాపా" అని అత్త ఒకరోజు నాతో గుసగుసగా అంది. ఆమె ఇంట్లో ఆమె గుసగుసగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

బజార్లో టీ కొట్టుకు వెళ్ళేవాడు. ఆయన కూర్చోగానే బెంచీ మీద మాటలు ఆగిపోయేవి. కాసేపటికి ఎవరో ఒకరు దగ్గరికి జరిగి చిన్నగా మొదలుపెట్టేవారు. గుడికి చందా, అమ్మకానికి ప్లాటు, కూతురి కాలేజీ ఫీజు. మొదట్లో ఇచ్చాడు. డబ్బు తీసుకున్నవాళ్ళు ఎదురుపడితే పక్క సందులోకి తిరగడం మొదలుపెట్టారు. దొరకనివాళ్ళు మొహం మాడ్చుకున్నారు. మామ టీ కొట్టు మానేశాడు. ఇంటికి ఎత్తైన గేటు పెట్టించాడు. గేటుకు కెమెరా పెట్టించాడు. లోపల టీవీలో మొహం చూసి, తీయాలో వద్దో ఆయన చెప్పాకే గేటు తెరుచుకునేది. ఎవరు వచ్చినా ఎందుకొచ్చారో ముందే తెలిసిపోయినట్టు ఆయన మొహం బిగుసుకునేది.

ఒక వేసవిలో మా అమ్మ ఆ గేటు ముందు నిలబడింది. చేతిలో నిమ్మకాయ ఊరగాయ జాడీ. వెనక నేను. ఎండ మాడుస్తోంది. గేటు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. మామ వరండాలోకి వచ్చి, అమ్మ ఇంకా మెట్టెక్కక ముందే అన్నాడు: "ఎంత కావాల్నో చెప్పక్కా. తిప్పి తిప్పి మాట్లాడొద్దు."

అమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె మొహం ఎలా అయిందో నేను వర్ణించలేను.

"ఉప్పు సరిపోయిందో లేదో నీకు చూపిచ్చిపోదామని వచ్చినా రా" అంది. జాడీ మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది. అత్త మంచినీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. "వదినా, ఒక్క గుక్క తాగిపో, నా మీద ఒట్టు." అమ్మ ఆగలేదు. నేను వెనక్కి చూశాను. మామ జాడీని చూస్తూ అక్కడే నిలబడి ఉన్నాడు. పిలుస్తాడేమో అనుకున్నాను. పిలవలేదు.

మా ఇంటి నుంచి ఆ ఇంటికి నడిస్తే పది నిమిషాలు. రెండేళ్ళు ఎవరం నడవలేదు.

ఇంక ఒక బావి సంగతి చెప్పాలి.

అప్పుడు నేను ఉదయగిరికి కొంత దూరంలో, కొండ కింద ఉన్న ఒక పల్లె బడిలో పనిచేసేదాన్ని. ఏప్రిల్ నెల. ఒంటిపూట బడి. పదకొండు గంటలప్పుడు నిమ్మతోటల వైపు నుంచి ఆడమనిషి కేక వినపడింది. పిల్లల్ని వంటామెకు అప్పజెప్పి పరుగెత్తాను.

తోటలో పాత దిగుడు బావి. సగం దాకా రాతి మెట్లు, అక్కడొక గట్టు, దాని కింద లోతు. ఇద్దరు అన్నదమ్ములు పూడిక తీయాలని, ముందు అడుగున ఉన్న నీళ్ళు తోడెయ్యడానికి చిన్న డీజిల్ ఇంజన్ను తాళ్ళతో ఆ గట్టు మీదికి దించి నడిపారు. కాసేపటికి అన్న కింద పడిపోయాడు. ఏమైందో చూద్దామని దిగిన తమ్ముడు గట్టు మీదనే కూలబడ్డాడు. పైనుంచి చూస్తే తమ్ముడి వీపు కనిపిస్తోంది. అన్న కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇంజన్ అప్పటికి ఆగిపోయింది. పొగ వాసన పైదాకా వస్తోంది. పైన ఏడెనిమిది మంది. వాళ్ళ నాయన అప్పటికే పంచె ఎగ్గట్టి మెట్ల దగ్గరికి పోతున్నాడు.

అంబులెన్సుకు చేశాం. ఫైరింజనుకు చేశాం. బయల్దేరుతున్నామన్నారు. ఎంత తొందరగా వచ్చినా దూరం దూరమే. అప్పుడు నాకు మామ గుర్తొచ్చాడు. బోర్ల దగ్గర, బావుల దగ్గర ముప్పై ఏళ్ళు బతికిన మనిషి. నంబరు నొక్కాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. మూడోసారి కూడా ఎత్తలేదు. అత్తకు చేశాను.

"ముందు రూములో టీవీ ముందరే ఉండాడు. ఎత్తడు, నీకు తెల్సు గదా" అంది.

"అత్తా, నీ ఫోన్ ఆయన చెవికి పెట్టు. కుడి చెవికి. మనుషులు చచ్చిపోతన్నారు."

అటువైపు టీవీ మోత దగ్గరైంది. నేను ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. ఇంజన్, బావి, ఇద్దరు మనుషులు. టీవీ మోత ఆగిపోయింది. పెట్టేశాడనుకున్నాను.

"ఇంజన్ ఇంకా నడస్తా ఉండాదా?"

"ఆగిపోయింది మామా."

"ఎంతసేపయింది పడి?"

"అన్న పడి పది నిమిషాలు. తమ్ముడు ఇప్పుడే."

"నా మాట విను. ఇంజన్ పొగ విషం, మూడోవోడు దిగకూడదు. ఎవుడు దిగినా వాడూ పడతాడు. కొట్టి అయినా ఆపు. ఆకులుండే పెద్ద కొమ్మలు నరికి తాడుకు కట్టి, బావిలో పైకీ కిందికీ కొట్టమను, గాలి కదలాల. నేను వస్తా ఉండా."

నేను వెళ్ళి మెట్లకు అడ్డంగా నిలబడ్డాను. అంతకన్నా ఏం చేయాలో నాకు తెలియదు. చేతులు చాచి నిలబడ్డాను, పిల్లలు రోడ్డు దాటేటప్పుడు నిలబడినట్టు. వాళ్ళ నాయన "జరుగు టీచరమ్మా" అన్నాడు. జరగలేదు. భుజం పట్టి లాగాడు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. ఇద్దరు మనుషులొచ్చి ఆయన్ని వెనక్కి లాగారు. నలుగురు కానుగ కొమ్మలు నరికి తాళ్ళకు కట్టి బావిలో ఆడించడం మొదలుపెట్టారు.

అప్పుడు పెద్దవాడి భార్య నా ఎదురుగా వచ్చి నిలబడింది. నా వయసే ఉంటుంది. ఏడవడం లేదు.

"నీ మొగుడు అడుగునుంటే ఇట్నే నిలబడతావా?" అంది.

నేను చేతులు దించలేదు. ఆమె నన్ను తోసింది. నేను పక్కనున్న రాయి పట్టుకుని నిలదొక్కుకున్నాను. ఆమె మళ్ళీ తోసింది. బావిలోంచి తమ్ముడు మూలిగిన శబ్దం వినపడింది. బతికే ఉన్నాడు. ఆ మూలుగు విన్నాక పైనున్న వాళ్ళను ఆపడం ఇంకా కష్టమైపోయింది.

బుల్లెట్ మోత వినపడినప్పుడు ఎంతసేపైందో నాకు తెలియదు. ఇరవై నిమిషాలన్నారు. మామ లుంగీ, బనీనుతోనే వచ్చాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. దారిలోనే తన పాత పనివాడికి ఫోన్ చేశాడట, పక్క ఊళ్ళో ట్రాక్టరు కంప్రెసరు నడుపుకుంటున్నాడతను. ఐదు నిమిషాల్లో అదీ వచ్చింది. దాని గొట్టం బావిలోకి దించి గాలి వదిలారు. బావి అడుగు నుంచి దుమ్ము, ఎండుటాకులు పైకి లేచాయి.

"ఇంక దిగొచ్చా?" అని నాయన అరిచాడు.

"కాసేపు ఆగు." మామ తన చేతి గడియారం వైపే చూస్తున్నాడు.

"నా బిడ్డలు పెద్దాయనా!"

"తెల్సు. ఆగు."

ఆ ఆగడం అందరికన్నా ఆయనకే కష్టమని నాకు తెలుసు. మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనపడుతోంది. ఆ తర్వాత ఆయనే నడుముకు తాడు కట్టుకున్నాడు. పొట్ట పెరిగిన నలభై తొమ్మిదేళ్ళ మనిషి. పాత పనివాడు "నేను దిగతా అన్నా" అన్నాడు. "నీకు చిన్నపిల్లలుండారు" అని మామ అతన్ని పక్కకు నెట్టాడు. తాడు కొస ఆరుగురికిచ్చాడు. "నా దగ్గర్నుంచి పిలుపు లేకపోతే పది లెక్కపెట్టి లాగండి. నేను బతికుండానా లేదా అని తొంగి చూడొద్దు. లాగండి."

దిగాడు. గట్టు మీదున్న తమ్ముడి చంకల కింద తాడు వేసి పైకి పంపించాడు. తమ్ముడు పైకొచ్చి వాంతి చేసుకుని కళ్ళు తెరిచాడు. మామ పైకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని గాలి పీల్చుకుని, ఎవరు వద్దన్నా వినకుండా రెండోసారి దిగాడు. పెద్దవాణ్ణి అడుగు నుంచి తెచ్చేసరికి అంబులెన్సు వచ్చింది. అన్నకు అప్పటికి కొంచెం ఊపిరుంది. ఇద్దర్నీ ఆత్మకూరు తీసుకుపోయారు. తమ్ముడు నాలుగు రోజులకు ఇంటికొచ్చాడు. పెద్దవాడు దారిలోనే పోయాడు.

ఆ మధ్యాహ్నం మామ బావి ఒడ్డున చాలాసేపు కూర్చున్నాడు. పల్లెవాళ్ళు ఆయన కాళ్ళకు దండం పెడుతుంటే కాళ్ళు ముడుచుకున్నాడు. సాయంత్రం ఆ బురద బట్టలతోనే మా ఇంటికొచ్చి, గడపలో నిలబడి "అక్కా, నీళ్ళియ్యి" అన్నాడు. అమ్మ లోపలికెళ్ళి చెంబు తెచ్చింది. తాగాడు. ఇంకో చెంబు అడిగాడు. ఆ రెండేళ్ళ సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తుకోలేదు.

ఊళ్ళో సన్మానం చేస్తామని వచ్చారు. గేటు దగ్గరే వెనక్కి పంపించాడు. పదకొండో రోజు మాత్రం ఆ పల్లెకు పోయాడు. నన్ను తోడు రమ్మన్నాడు. పెద్దవాడి భార్య అరుగు మీద కూర్చుని ఉంది. మామ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆమె అడిగింది: "ముందు ఆయన్ని ఎందుకు తేలేదు?"

"చిన్నోడు దగ్గర్లో ఉన్నాడమ్మా. మూలగతా ఉన్నాడు."

"నాకు తెల్సు. ఎందుకు తేలేదని అడగతన్నా."

మామ తల వంచుకున్నాడు. తిరిగొస్తుంటే బుల్లెట్ వెనక కూర్చున్న నాకు ఆయన మొహం కనపడలేదు. కాని మాట వినపడింది. "నువ్వు రెండోసారి ఫోన్ చేసినప్పుడే చూసినా పాపా. నీ పేరు కనపడింది. ఎత్తలా. మీ అమ్మ నీ చేత డబ్బు అడిగిస్తా ఉందేమో అనుకున్నా."

ఆ కాసిని నిమిషాలతో ఏమైనా మారేదా? డాక్టర్లు మారేది కాదన్నారు. మామ వాళ్ళ మాట ఏనాడూ నమ్మలేదు.

నెల తిరక్కముందే పాత కంప్రెసరు ట్రాక్టరు ఒకటి కొన్నాడు. పాత పనివాణ్ణే దాని మీద పెట్టాడు. ఉదయగిరి, కొండాపురం, ఆత్మకూరు చుట్టూ ఎక్కడ పాత బావిలో మనిషి దిగాలన్నా ముందు ఆ ట్రాక్టరు పోవాలి. దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. జనం దాన్ని గాలి బండి అనేవారు. బండి పొద్దున్నే బయల్దేరి పోయేది, మామ వెనకాల బస్సులో పోయేవాడు. కారుంది గదా అంటే, "కారేసుకొని పోతే కుర్చీ ఏస్తారు. కుర్చీలో కూర్చుంటే బావి కనపడదు" అనేవాడు. బావి దగ్గర ఆయనకు ఓపిక ఉండేది కాదు, తిట్టేవాడు. తొందరపడిన ఒక కుర్రాణ్ణి చెంప మీద కొట్టాడని పంచాయితీ కూడా జరిగింది. సోమశిల వైపు ఒక ఊళ్ళో గాలి బండి రాకముందే దిగి ఒకతను చనిపోతే, మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆయన సంతోషంగా ఉన్నాడని నేను చెప్పలేను. కాని టీవీ ముందు ఉన్న ఆ మనిషి మాత్రం మళ్ళీ కనపడలేదు.

దీనికి అత్త వైపు నుంచి ఇంకో లెక్కుంది, అదీ చెప్పాలి. ఆమెకు కాశీ చూడాలని కోరిక. ప్రతి ఏడాదీ ఎండాకాలంలో పోదాంలే అనేవాడు. ఎండాకాలమే బావులు ఎండేది, పూడిక తీసేది. దినాల రోజు అత్త నాతో అంది: "మూడేండ్లు ఇంట్లో ఉండి నా ప్రాణం తీసినాడు. ఏడేండ్లు ఇంట్లో లేక తీసినాడు. ఇంట్లో ఉండే మొగుడితో ఎట్లుంటాదో నాకు తెలీకుండానే పోయింది." నవ్వబోయి నవ్వలేకపోయింది.

మా ఆయన నెల్లూరులో ప్రైవేటు ఉద్యోగి. నలభై ఐదుకల్లా పని మానేయాలని ఆయనకు పెద్ద ఆశ. దాని గురించి ఫోన్లో వీడియోలు చూస్తుంటాడు. రెండేళ్ళ కింద మా ఇంట్లో భోంచేస్తూ మామను అడిగాడు: "ఎంత ఉంటే చాలు మామా?"

మామ నిలబడే తింటున్నాడు. "ఎంత ఉంటే చాలో నాకు బాగా తెల్సు అబ్బయా. అది దాటినాకనే మానేసినా. దేనికి చాలో నన్ను నేను అడుక్కోలా."

"అంటే మానొద్దంటారా?"

"నేనెందుకంటా? మా ఇంటామెకు ఆపరేషన్ అప్పుడు ఎవురి మొగమూ చూడకుండా చేయించినా. డబ్బు లేకపోతే ఆ రోజు నేను యాడో మధ్యప్రదేశ్‌లో ఉండేవాణ్ణి, ఆ చిన్నోడు బతికేవాడు కాదు. డబ్బు చేసే పని డబ్బు చేస్తాది. మనం చెయ్యాల్సింది గూడా అదే చేస్తాదనుకుంటే, అద్గదీ నేను పడిన గుంత." తర్వాత పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు.

నిరుడు వేసవిలో ఆ పల్లె నుంచి పెద్దవాడి భార్య మామ ఇంటి గేటు దగ్గరికి వచ్చింది. గేటు అప్పటికి తెరిచే ఉంటోంది. తోట ఎండిపోతోందని, ఆ బావి పూడిక తీయించాలని చెప్పింది. గాలి బండి పంపమని అడిగింది. మామ మర్నాడు ట్రాక్టరు మీదనే కూర్చుని పోయాడు. ఆయన మొహం చూసి అత్త నాకు ఫోన్ చేసింది. నేను బడి వదిలాక వెళ్ళాను. అప్పటికి గాలి కొట్టడం అయిపోయింది. దిగాల్సిన మనుషులు సిద్ధంగా ఉన్నారు. మామ వాళ్ళను ఆపి, ముందు తనే నడుముకు తాడు కట్టుకున్నాడు. యాభై ఐదేళ్ళు, బీపీ మాత్రలు. నేను వద్దన్నాను. నా వైపు చూడను కూడా చూడలేదు. తాడు కొస ఎవరికివ్వాలా అని అటూ ఇటూ చూస్తుంటే ఆమె వచ్చి చెయ్యి చాచింది. మామ కాసేపు తటపటాయించి తాడు ఆమె చేతిలో పెట్టాడు. ఇంకో నలుగురు ఆమె వెనక పట్టుకున్నారు. ఆయన కింద ఉన్నంతసేపూ ఆమె రెప్ప వేయలేదు. పైకొచ్చాక తాడు కింద పడేసి ఇంటికి వెళ్ళిపోయింది. క్షమించిందో లేదో నాకు తెలియదు. మామ కూడా తెలుసుకోవాలని చూడలేదు.

ఆయన్ని నేను ఆఖరిసారి చూసింది పోవడానికి రెండు వారాల ముందు. నెల్లూరు నుంచి వచ్చి ఆత్మకూరు బస్టాండులో దిగాను, ఉదయగిరి బస్సు మారాలి. మిట్టమధ్యాహ్నం. జనం కిటకిటలాడుతున్నారు. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద మామ కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా ఎండిన ఒండ్రు. దగ్గరికెళ్తే తెలిసింది, నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, తల వాలిపోయి ఉంది. వాలింది పక్కన కూర్చున్న ముసలాయన భుజం మీద. ఎవరో గొర్రెల కాపరి, భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఆయనెవరో నాకు తెలియదు, మామకూ తెలిసి ఉండదు.

నేను లేపబోయాను. ముసలాయన తల కదపకుండా కళ్ళతోనే వద్దన్నాడు.

ఉదయగిరి బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు ఊరి పేరు అరిచాడు. జనం తోసుకుంటూ ఎక్కారు. ముసలాయన బస్సు వంక చూశాడు, కాళ్ళ దగ్గరున్న సంచి వంక చూశాడు. ఆయన పోవాల్సిందీ అదే బస్సని నాకర్థమైంది. బస్సు రివర్సు తీసుకుని, దుమ్ము లేపుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది. ఆయన భుజం కదపలేదు.